దద్దుర్లు జ్వరంతో వచ్చాయా, మందు పడక వచ్చాయా? తేడా గుర్తించడం ఎలా

జ్వరం మొదలైన మూడో రోజో నాలుగో రోజో ఒంటినిండా దద్దుర్లు తేలతాయి. అప్పటికే రెండు మూడు రకాల మాత్రలు వేసి ఉంటారు. "ఇవి జ్వరం దద్దుర్లా, మందు పడక వచ్చినవా? మాత్రలు ఆపెయ్యమంటారా?" అని వానాకాలం మొదలైనప్పటి నుంచి ఎంతోమంది అడుగుతూనే ఉంటారు. ఈ ప్రశ్నకు జవాబు సులువు కాదు. జ్వరం వచ్చిందనే మందు వేస్తాం కనుక అనుమానించవలసినవి రెండూ ఒకే రోజున ఒకే ఒంట్లో ఉంటాయి. చర్మం కూడా రెంటికీ చాలాసార్లు ఒకే తీరుగా స్పందిస్తుంది. చర్మంలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినా ఒక్కోసారి తేడా తెలియదు.

దద్దుర్ల రూపం చూసి తీర్పు చెప్పబోతే తరచుగా పొరబడతాం. తేదీలు సరిచూసి, నోరు, కళ్ళు పరీక్షించి, ఒంటిమీద అవి ఏ దారిన పాకాయో గమనిస్తే మాత్రం నిజానికి చాలా దగ్గరగా వెళ్ళగలం. కింది మెట్లు డాక్టరుకు బదులు పనికిరావు. ఇప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలా, రేపటి వరకు ఆగవచ్చా, వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి అన్నవి తేల్చుకోవడానికే ఇవి ఉపయోగపడతాయి.

కావలసినవి

గత 8 వారాల్లో వాడిన మందులన్నింటి స్ట్రిప్పులు, సీసాలు, చీటీలు దగ్గర పెట్టుకోండి. ఒక కేలండరు, బాల్‌పెన్ను, థర్మామీటరు, టార్చిలైటు, పారదర్శకంగా ఉండే గాజు గ్లాసు, ఫోటో తీయడానికి ఫోను కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది పగటి వెలుగు. ట్యూబులైటు కింద చామనఛాయ ఒంటిమీది ఎరుపు సగం కనిపించదు.

1. ముందుగా ప్రమాద సంకేతాలు చూడండి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగిలిన మెట్లు వదిలేసి 108కు ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి.

- పెదవులు, నాలుక, గొంతు వాయడం, ఆయాసం రావడం, కళ్ళు తిరిగి పడిపోవడం.
- చర్మం దురద పెట్టడానికి బదులు మంటగా, ముట్టుకుంటేనే నొప్పిగా ఉండటం, బొబ్బలు లేవడం, పై పొర ఊడి రావడం.
- నోటిలోను, కళ్ళలోను, మూత్రం వచ్చే చోట పుళ్ళు పడటం.
- ముఖం ఉబ్బి, జ్వరం తగ్గక, కళ్ళు పచ్చబడటం లేదా మూత్రం ముదురు రంగులో రావడం.
- గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రటి లేదా ఊదా చుక్కలు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం.
- తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మనిషి మత్తుగా ఉండటం.

చివరి రెండూ డెంగీలో జ్వరం తగ్గే వేళకే ఎక్కువగా కనిపిస్తాయి. జ్వరం దిగింది కదా అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే రోజే అసలు జాగ్రత్త పడవలసిన రోజు.

2. కేలండరు నింపండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన మెట్టు ఇది. జ్వరం మొదలైన తేదీ, ప్రతి మందు మొదటి మోతాదు వేసిన తేదీ, చివరి మోతాదు వేసిన తేదీ, దద్దుర్లు తొలిసారి కనిపించిన తేదీ వరుసగా రాయండి. ఆ తరువాత ఈ లెక్కలతో సరిపోల్చండి.

మందు వేసిన కొద్ది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటలలోగా ఉబ్బెత్తుగా, విపరీతమైన దురదతో దద్దుర్లు లేస్తే ఆ మందును గట్టిగా అనుమానించాలి. కందినట్టుగా, చిన్నచిన్న పొక్కులతో ఒళ్ళంతా పరుచుకునే మామూలు మందు దద్దుర్లు సాధారణంగా కొత్త మందు మొదలుపెట్టిన 4 నుంచి 14 రోజుల మధ్య వస్తాయి. అదే మందు గతంలో ఒకసారి పడకపోయి ఉంటే, ఈసారి ఒకటి రెండు రోజులకే రావచ్చు. కోర్సు పూర్తి చేసి ఆపేసిన రెండు మూడు రోజులకు కూడా రావచ్చు కనుక "ఆ మందు ఎప్పుడో అయిపోయింది" అని దాన్ని జాబితాలోంచి తీసేయకండి. చర్మం ఊడిపోయే తీవ్రమైన రకం 4 నుంచి 28 రోజుల్లోను, కాలేయం వంటి లోపలి అవయవాలను కూడా దెబ్బతీసే డ్రెస్ అనే రకం 2 నుంచి 8 వారాల్లోను వస్తాయి. 8 వారాల మందుల జాబితా అడగడానికి కారణం ఇదే.

నిన్న రాత్రి తొలిసారి వేసిన యాంటీబయాటిక్‌తో ఇవాళ పొద్దున ఒళ్ళంతా చదునైన ఎర్రమచ్చలు వచ్చాయంటే, వాటికి ఆ మందుకన్నా నాలుగు రోజులుగా ఉన్న జ్వరమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. పదేళ్ళుగా మార్పు లేకుండా వాడుతున్న బీపీ మాత్ర మీద ముందుగా నేరం మోపనవసరం లేదు. నెల కిందట కొత్తగా మొదలుపెట్టిన మూర్ఛ మందును, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్‌ను మాత్రం తప్పకుండా అనుమానించండి.

ఇంతా చేసి మందు పేరు తెలియకపోతే కేలండరు పనికిరాదు. ఓపీలో ఒక తల్లి నా బల్ల మీద కాగితపు పొట్లం విప్పింది. అందులో రెండు తెల్ల బిళ్ళలు, పసుపు బిళ్ళ ఒక సగం, పొడిగా నలిగిపోయిన గులాబీ బిళ్ళ ఇంకొకటి ఉన్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చాడని, ఒక సూది కూడా వేశాడని చెప్పింది. ఏ బిళ్ళ ఏదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియలేదు. దద్దుర్లు తగ్గాయి గానీ ఆ పిల్లవాడికి ఏ మందు పడదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఎవరు మందు ఇచ్చినా స్ట్రిప్పు అడిగి తీసుకోండి. మాత్రలు కత్తిరించి ఇస్తే, పేరు కనిపించేలా మొత్తం స్ట్రిప్పును ఫోటో తీసుకోండి. సూది వేస్తే దాని పేరు చీటీ మీద రాయించండి.

జాబితాలో జనం మరిచిపోయేవి చాలా ఉంటాయి: మెడికల్ షాపులో అడిగి కొన్న జలుబు బిళ్ళ, నెలసరి నొప్పికి వేసుకున్న మాత్ర, కంట్లో చుక్కలు, ఒంటినొప్పులకు పూసిన మలాము, ఆయుర్వేద కషాయం, పక్కింటివాళ్ళు ఇచ్చిన మందు. ఇవన్నీ మందులే.

3. ఎక్కడ మొదలై ఎటు పాకాయో చూడండి

కిటికీ దగ్గర నిలబెట్టి ముఖం, చెవుల వెనుక, ఛాతీ, వీపు, అరచేతులు, అరికాళ్ళు, చంకలు, గజ్జలు వరుసగా చూడండి. నల్లని ఒంటిమీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. ముదురు గోధుమ రంగులోనో ఊదా ఛాయలోనో ఉంటుంది. అలాంటప్పుడు వేళ్ళతో తడిమి గరుకుగా ఉందా, వెచ్చగా ఉందా చూడండి. మోచేతి లోపలి వైపు, అరచేతులు పరీక్షించండి.

మామూలు మందు దద్దుర్లు ఎక్కువగా ఛాతీ, వీపుల మీద మొదలై, రెండు పక్కలా సమానంగా, చేతులకు కాళ్ళకు పాకుతాయి; దురద బాగా ఉంటుంది. తట్టు చెవుల వెనుక, నుదుటి దగ్గర మొదలై ముఖం మీదుగా రోజురోజుకూ కిందికి దిగుతుంది.

ఉబ్బెత్తు దద్దుర్లయితే ఒకదాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, టైము రాసి పెట్టండి. 24 గంటలలోగా ఆ చోట మచ్చ లేకుండా మాయమై ఇంకో చోట లేస్తే అది అర్టికేరియా. పిల్లల్లో అర్టికేరియాకు కూడా మందులకన్నా వైరస్ జ్వరాలే ఎక్కువగా కారణమవుతాయి కనుక ఇక్కడ మళ్ళీ కేలండరే దిక్కు. అదే చోట రోజు దాటినా కదలకపోతే అది వేరే రకం.

4. గ్లాసుతో నొక్కండి

గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా అదిమి, గాజులోంచి చూడండి. మచ్చ పాలిపోతే రక్తనాళాలు ఉబ్బడం వల్ల వచ్చిన ఎరుపు. ఇది రెండు రకాల్లోనూ ఉంటుంది. పాలిపోకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టు. డెంగీలోను, మెదడు పొరలకు సోకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లలోను ఇలా ఉంటుంది. మోకాళ్ళ కింద మాత్రం మామూలు మందు దద్దుర్లు కూడా ఒక్కోసారి పాలిపోవు. అయినా ఆ తేడా ఇంట్లో తేల్చే ప్రయత్నం చేయకండి; పాలిపోని చుక్క కనిపిస్తే మొదటి మెట్టులో చెప్పినట్టు వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

5. నోరు, కళ్ళు, మర్మస్థానాలు చూడండి

సిగ్గుపడో, అవసరం లేదనుకునో వదిలేసే మెట్టు ఇది. టార్చి వేసి బుగ్గల లోపలి వైపు, దవడ పళ్ళకు ఎదురుగా చూడండి. ఎర్రబడిన చర్మం మీద ఉప్మారవ్వ చల్లినట్టు సన్నని తెల్ల చుక్కలుంటే అది తట్టు. ఇవి ఒంటిమీద దద్దుర్లు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే కనిపించి త్వరగా పోతాయి. పెదవులు పగిలి రక్తపు పక్కులు కట్టడం, రెండు మూడు చోట్ల లోపలి చర్మం ఒలిచినట్టు పుళ్ళు పడటం మందు తీవ్రంగా వికటించిందనడానికి గుర్తు. అలాంటప్పుడు మొదటి మెట్టులో చెప్పినట్టు వెంటనే బయలుదేరాలి.

6. మన దగ్గర తరచుగా వచ్చే జ్వరాలతో పోల్చండి

తట్టులో దద్దుర్లకు ముందు 2 నుంచి 4 రోజులు జ్వరంతోపాటు దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం ఉంటాయి. ఈ మూడూ లేని తట్టు అరుదు. టీకా కార్డు తీసి 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించిన ఎంఆర్ టీకా నమోదు ఉందో లేదో చూడండి. తట్టు అనుమానం ఉంటే దద్దుర్లు కనిపించిన రోజు నుంచి 4 రోజుల వరకు పిల్లవాణ్ణి బడికి పంపకండి.

డెంగీలో మొదటి రెండు రోజులు ముఖం, మెడ కమిలినట్టు ఎర్రబడవచ్చు. తరువాత, జ్వరం దిగే సమయానికి ఒళ్ళంతా ఎర్రబడి మధ్యమధ్యలో మామూలు చర్మం తెల్లటి గుండ్రని దీవుల్లా మిగులుతుంది. అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెడతాయి. కోలుకుంటున్న రోజుల్లో వచ్చే ఈ దురదను చాలామంది మందు పడకపోవడంగా పొరబడతారు. చికున్‌గున్యాలో మొదటి రోజు నుంచే కీళ్ళు కదలనివ్వవు. ఆ తరువాత కొందరికి ముక్కు మీద నల్లమచ్చ మిగులుతుంది.

ఆటలమ్మను గుర్తుపట్టడం తేలిక: ఒకే చోట ఎర్ర చుక్క, నీటి పొక్కు, పక్కు కట్టినది మూడూ కలిసి కనిపిస్తాయి, నడుముపై భాగంలో ఎక్కువ. అమ్మవారు పోసిందని వేపాకు కట్టుకోవడం మీ ఇష్టం. కానీ పెద్దవాళ్ళకు, గర్భిణికి, నెలల బిడ్డకు వస్తే మొదటి 24 గంటలలోగా డాక్టరును కలవండి. వైరస్‌ను అదుపు చేసే మందు ఆ గడువులో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఒక జ్వరం దగ్గర మాత్రం పొరపాటు దాదాపు ఖాయంగా జరుగుతుంది. రెండేళ్ళలోపు పసివాడికి 3 నుంచి 5 రోజులు తీవ్రమైన జ్వరం ఉంటుంది. మధ్యలో ఎవరో పెన్సిలిన్ జాతికి చెందిన అమాక్సిసిలిన్ సిరప్ మొదలుపెడతారు. జ్వరం హఠాత్తుగా దిగిపోయి, ఆ రోజే పొట్ట, వీపు మీద గులాబీ రంగు చుక్కలు తేలతాయి. పిల్లవాడు హుషారుగానే ఉంటాడు. ఇది రోజియోలా అనే వైరస్ జ్వరం నడిచే తీరు. కానీ నింద సిరప్ మీద పడుతుంది, "పెన్సిలిన్ పడదు" అన్న మాట ఆ బిడ్డ వెంట పెద్దయ్యేవరకు నడుస్తుంది. గొంతునొప్పి, మెడ బిళ్ళలతో వచ్చే గ్రంథుల జ్వరంలో కూడా అమాక్సిసిలిన్ ఇస్తే చాలామందికి దద్దుర్లు వస్తాయి. అందులో ఎక్కువమందికి ఆ మందుకు నిజమైన అలర్జీ ఉండదు.

రెండూ కాని మూడో సంగతిని కూడా గుర్తుంచుకోండి. చంకలోనో, గజ్జలోనో, నడుం పట్టీ కిందనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్‌ను అనుమానించాలి. అది వైరస్ కాదు. దానికి సరైన యాంటీబయాటిక్ వెంటనే పడాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు జ్వరం 5 రోజులు దాటి, కళ్ళు, పెదవులు, నాలుక ఎర్రబడితే కవాసాకి వ్యాధి కాదని పిల్లల డాక్టరే తేల్చాలి.

7. మందు గుర్తులతో పోల్చండి

మందు తప్ప వేరే కారణం దాదాపు లేని రకం ఒకటుంది. నాణెమంత గుండ్రని ముదురు మచ్చ, ప్రతిసారీ అదే చోట, పెదవి మీదనో చేతి మీదనో మర్మస్థానం దగ్గరనో లేచి, మంట పెట్టి, నల్లగా మిగిలిపోతుంది. "పోయినసారి విరేచనాలప్పుడు కూడా ఇక్కడే వచ్చింది" అని రోగే చెబుతాడు. నొప్పి మాత్రలు, కోట్రైమాక్సజోల్, విరేచనాలకు వాడే ఆర్నిడజోల్, టినిడజోల్ వంటివి దీనికి తరచుగా కారణం.

తీవ్రమైన రకాలకు తరచుగా కారణమయ్యేవి మూర్ఛ మందులైన కార్బమజపైన్, ఫినైటోయిన్, లామోట్రిజిన్, ఇంకా అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, హెచ్‌ఐవీకి వాడే నెవిరపైన్. కుష్ఠుకు వాడే డాప్సోన్ జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, కాలేయం వాపుతో వికటించవచ్చు. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల డ్రెస్ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరిక ఇచ్చింది.

మరొక మాట: పిల్లల్లో జ్వరంతో వచ్చే దద్దుర్లకు ఎక్కువగా వైరస్సే కారణం. పెద్దవాళ్ళలో, అందులోనూ కొత్త మందు మొదలుపెట్టినవాళ్ళలో, మందు వైపు అనుమానం ఎక్కువ మొగ్గాలి.

8. మందు ఆపాలా, వద్దా?

జలుబు బిళ్ళ, నొప్పి మాత్ర వంటి తప్పనిసరి కాని కొత్త మందయితే అనుమానం వచ్చిన క్షణమే ఆపండి. యాంటీబయాటిక్ అయితే తరువాతి మోతాదుకు ముందే రాసిన డాక్టరుతో మాట్లాడండి. మూర్ఛ, క్షయ, హెచ్‌ఐవీ, గుండె మందులు, రోజూ వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను మీ అంతట మీరు ఆపితే అసలు జబ్బు తిరగబెట్టవచ్చు కనుక అదే రోజు డాక్టరును కలవండి. ప్రమాద సంకేతాలుంటే మాత్రం ఆ మోతాదు వేసే ముందే ఆసుపత్రికి చేరుకోండి.

జ్వరానికి, డెంగీ కాదని తేలేవరకు, పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేయకండి. దురదకు కాలమైన్ పూయవచ్చు. సెట్రిజిన్ మోతాదు వయసును బట్టి డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి.

తరచుగా జరిగే పొరపాట్లు

"వేడి చేసింది" అని సరిపెట్టుకుని మజ్జిగ, సబ్జా నీళ్ళతో రెండు రోజులు గడిపేస్తారు. తీవ్రమైన మందు దద్దుర్లలో ఆ రెండు రోజులే ప్రాణం నిలిపేవి. తగ్గాలని స్టెరాయిడ్ సూది వేయించుకుంటారు. దద్దుర్లు మరుగునపడి అసలు సంగతి తెలియకుండా పోతుంది. దద్దుర్లు పోయాక, "నిజంగా ఆ మందేనా" అని ఇంకొక మాత్ర వేసి చూస్తారు. ఇది ఇంట్లో ఎన్నడూ చేయకూడదు. రెండోసారి మొదటిసారికన్నా వేగంగా, తీవ్రంగా రావచ్చు.

పేరు మారితే మందు మారిందనుకోవడం ఇంకొక పొరపాటు. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. రెండు వేరు వేరు కంపెనీల బిళ్ళల్లో ఒకే మందు ఉండవచ్చు. ఒకే బిళ్ళలో మూడు మందులూ ఉండవచ్చు.

రక్తపరీక్ష ఒక్కటే తేల్చేస్తుందని ఆశపడకండి. ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరిగితే మందు వైపు కొంత మొగ్గవచ్చు గానీ, నులిపురుగులున్నా అవి పెరుగుతాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ వంటి వైరస్ వైపు మొగ్గు. డెంగీకి ఎన్‌ఎస్‌1 పరీక్ష మొదటి 5 రోజుల్లో, ఐజీఎం పరీక్ష ఆ తరువాత పనికొస్తాయి. తప్పు రోజున చేయించి "నెగెటివ్" వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఒళ్ళంతా దద్దుర్లతోపాటు జ్వరం ఉంటే కాలేయం పరీక్ష కూడా అడగండి.

మీ అంచనా సరైనదేనా? ఇలా సరిచూసుకోండి

ఒంటిమీద మూడు చోట్లు ఎంచుకుని, రోజూ ఒకే సమయానికి, అదే కిటికీ దగ్గర, అవే చోట్ల ఫోటో తీయండి. పక్కన జ్వరం అంకె రాయండి. మందు ఆపిన మర్నాడే తగ్గలేదని కంగారు పడకండి. మామూలు మందు దద్దుర్లు ఆపిన తరువాత కూడా రెండు మూడు రోజులు పెరిగి, ఆ తరువాత రంగు గోధుమకు తిరిగి, పొట్టు రాలి, ఒకటి రెండు వారాల్లో పోతాయి. వైరస్ దద్దుర్లు మందు ఆపినా ఆపకపోయినా చాలావరకు వారంలోగా వాటంతటవే వెళ్ళిపోతాయి. అందుకే "ఆపాను, తగ్గింది" అన్న ఒక్క ఆధారంతో మందుకు శిక్ష వేయలేం. తగ్గడానికి బదులు కొత్తగా జ్వరం, ముఖం వాపు, నోటి పుళ్ళు వస్తే మళ్ళీ మొదటి మెట్టుకు వెళ్ళండి.

మందే కారణమని డాక్టరు తేల్చితే, అసలు మందు పేరు, తేదీ, ఏ రకం దద్దుర్లు వచ్చాయి, ఎన్ని రోజులకు వచ్చాయి అన్నవి ఒక కార్డు మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. ఏ డాక్టరు దగ్గరకు, ఏ మెడికల్ షాపుకు వెళ్ళినా ముందుగా అదే చూపించండి. కారణం తేలకపోతే కార్డు మీద "అనుమానం మాత్రమే" అని రాయించండి. తరువాత అలర్జీ పరీక్షలు చేసే నిపుణులు దాన్ని తేల్చగలరు. మందు వికటించిన సంగతిని ప్రజలు కూడా నేరుగా భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలను నమోదు చేసే) కార్యక్రమానికి తెలపవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఫోన్ చేసే ముందు స్ట్రిప్పు చేతిలో పెట్టుకోండి, బ్యాచ్ నంబరు అడుగుతారు.